కురుపాం మార్కెట్టు నుంచి చిట్టివలస గేటు దాకా: ఒక రోజు యాత్రకు నా మార్కులు

విశాఖపట్నం చూడవచ్చిన బంధువులను ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్నకు మన ఇళ్ళలో జవాబు ఎప్పుడో స్థిరపడిపోయింది. పొద్దున్నే సింహాచలం, సాయంత్రం రామకృష్ణా బీచి, నడుమ కైలాసగిరి, ఇంకో రోజు ఉంటే అరకు. ఈ ఊరు ఏ పని చేసి బతికిందో, ఏ సరుకు అమ్మి పెరిగిందో, ఆ సరుకును ఎవరు నేశారో, ఎవరు మోశారో చూపించే యాత్ర మాత్రం నాకు ఇంతవరకు తారసపడలేదు. అందుచేత, జిల్లాలోని పాత వర్తక స్థలాలను, పాత మిల్లులను, రేవులను ఒక్క రోజులో చూపిస్తామని ఒక చిన్న బృందం ప్రకటించగానే, ముప్పయ్యేళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను మరుమాట లేకుండా రెండు సీట్లు తీసుకున్నాను. రెండో సీటు మా మేనకోడలికి. తనకు చరిత్ర మీద కన్నా భీమిలి చేపల వేపుడు మీద ఎక్కువ ఆశ అని ముందే చెప్పి మరీ వచ్చింది.

ఆ బృందం పేరు ఇక్కడ రాయడం లేదు. వారు ఈ పని మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు; నాకు కనిపించిన లోపాలను వారికి నేరుగానే చెప్పాను. ఇటువంటి యాత్రకు ఎవరితో వెళ్ళినా ఏమి అడగాలో, డబ్బు దేనికి కడుతున్నామో తెలిస్తే చాలునన్నది నా ఉద్దేశం.

ముందుగా లెక్క చెప్పాలి. మనిషికి 1,600 రూపాయలు. అందులోనే పొద్దుటి టిఫిను, మధ్యాహ్న భోజనం, మంచినీళ్ళు. ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బయలుదేరతామన్న వాహనం ఏడుంబావుకు కదిలింది. బండి శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, డ్రైవరు నెమ్మదస్తుడు. ఇరవై రెండు మందిమి. మాతో పాటు ఇద్దరు ఆర్కిటెక్చర్ విద్యార్థులు, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం, ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ పెద్దాయన లేకపోతే ఈ యాత్రకు నా మార్కులు మరో రెండు తగ్గేవి.

మొదటి మజిలీ కురుపాం మార్కెట్టు కమాను. కురుపాం జమీందారుల పేరు మోస్తున్న ఈ మార్కెట్టు, మనం వన్‌టౌన్ అని పిలుచుకునే పాత నగరానికి నడిబొడ్డు. చుట్టూ కిరాణా కొట్లు, బంగారు నగల కొట్లు ఇప్పటికీ కిక్కిరిసి ఉంటాయి కనుక దీనిని చూడడానికి ఆదివారం పొద్దున్న ఎంచుకోవడం సగం మంచిది, సగం చెడ్డది: నడవడానికి దారి దొరుకుతుంది, చూడడానికి వ్యాపారం ఉండదు. మా గైడు పాతికేళ్ళు దాటని కుర్రవాడు. గొంతు మంచిది, ఓపిక మంచిది. కమాను మీది కట్టడపు పనిని వివరంగా చెప్పాడు. కమాను కింద నుంచి ఏ సరుకు లోపలికి వెళ్ళేది, ఎక్కడి నుంచి వచ్చేది అని నేను అడిగిన ప్రశ్నకు మాత్రం "రకరకాల సరుకులు మేడమ్" అని ముగించాడు. వాణిజ్యశాస్త్రం పేపరులో ఆ జవాబుకు సున్నా వేస్తాను.

అక్కడి నుంచి పాత వీధుల్లో అరగంట నడక. ఇది యాత్రలో నాకు బాగా నచ్చిన భాగం. పాత నగరంలో కట్టడాలు పోయినా పేర్లు మిగిలాయి. కోట లేకపోయినా కోటవీధి ఉంది, బురుజు లేకపోయినా బురుజుపేట ఉంది, దండు వెళ్ళిపోయినా సోల్జర్‌పేట ఉంది. సాలిపేట అన్న పేరు వినగానే అక్కడ మగ్గాలు ఆడిన రోజులున్నాయని వేరే చెప్పనక్కరలేదు. గైడు ఈ పేర్లను వరసగా చెప్పి, కనక మహాలక్ష్మి గుడి ప్రస్తావన రాగానే బురుజుపేట దగ్గర పది నిమిషాలు ఆపాడు. హైదరాబాదు కుటుంబం దర్శనానికి వెళ్ళింది; మిగిలినవాళ్ళం నీడ చూసుకున్నాం.

ఈస్టిండియా కంపెనీ వారికి 17వ శతాబ్ది చివరి భాగంలో ఇక్కడ ఫ్యాక్టరీ ఉండేదని గైడు చెప్పినప్పుడు మా మేనకోడలు, "అత్తా, అప్పట్లో ఏం యంత్రాలుండేవి?" అని నన్ను అడిగింది. ఆ సందేహం తీర్చవలసింది గైడు. ఆనాటి ఫ్యాక్టరీ అంటే పొగగొట్టమూ యంత్రమూ ఉన్న కర్మాగారం కాదు. కంపెనీ తరఫున సరుకు కొనే ఫ్యాక్టరు కాపురముండే కొఠీ, దాని వెనుక గిడ్డంగి, చుట్టూ రక్షణకు గోడ. యంత్రం ఊళ్ళలో ఉండేది, అది మగ్గం. కంపెనీ దుబాసీల ద్వారా, దళారుల ద్వారా నేతగాళ్ళకు ముందుగా బయానా ఇచ్చి, బట్ట కొఠీకి చేరాక పోగులు లెక్క చూసి, బాగున్నది తీసుకుని, బాగులేదన్నది తిప్పికొట్టేది. ఈ తీరంలో నేసిన నూలు బట్టలను పుంజం బట్టలనేవారు. పుంజమంటే పడుగులోని పోగులకు నేతవారు కట్టుకున్న లెక్క. పుంజాలు పెరిగే కొద్దీ బట్ట చిక్కన, ధర ఎక్కువ. ఇంత చక్కని విషయం, అదీ సాలిపేట పేరు ఎత్తిన మీదట, యాత్రలో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు. విశాఖ పనివారు 18వ శతాబ్దిలో దంతం పొదిగి చేసిన కుర్చీలూ పెట్టెలూ ఈనాడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పనితనం మాటా రాలేదు.

రాస్ కొండ ఎక్కడం తప్పనిసరిగా చేర్చినందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి. పక్కపక్కనే ఉన్న మూడు కొండలపై ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. భక్తి సంగతి అలా ఉంచితే, ఓడరేవు ముఖద్వారాన్ని ఇంత దగ్గరగా, ఎవరి అనుమతీ అవసరం లేకుండా చూడగలిగిన చోటు ఇదే. ఓడరేవూ, నౌకా నిర్మాణ కేంద్రమూ, నౌకాదళ స్థావరమూ కట్టుదిట్టమైన ప్రాంతాలు కనుక అక్కడికి మామూలు యాత్రికులను తీసుకువెళ్ళరు; ప్రకటనలో "ఓడరేవు సందర్శన" అని వేయడం మాత్రం సబబు కాదు. చూపించేది కొండ మీది నుంచి. ఆ మాట ముందే రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక్కడే గైడు పెద్ద తప్పు చేశాడు. ఎదురుగా యారాడ కొండను, దాని ముక్కులా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన డాల్ఫిన్స్ నోస్‌ను చూపిస్తూ, "ఈ ఓడరేవును సింధియా కంపెనీ వారు కట్టారు" అన్నాడు. వెనుక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"బాబూ, సింధియా వారు కట్టింది రేవు కాదు, ఓడలు కట్టే యార్డు. రేవు కట్టింది రైలు కంపెనీ."

ఆయన మాట అక్షరాలా నిజం. ఈ రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టింది. మధ్య పరగణాల (ఆనాటి సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజానికి సముద్రం దాకా దగ్గరి దారి కావాలి. ఆ దారి కోసం రాయపూర్ నుంచి విజయనగరం వైపు రైలు మార్గం వేశారు, అది 1931 నాటికి పూర్తయింది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోటనున్న బురద నేలను తవ్వి లోపలి రేవును చేశారు. ఈశాన్యం, నైరుతి గాలులకు సముద్రం పోటెత్తకుండా కొంత యారాడ కొండ అడ్డుపడింది. మిగతా అడ్డు కోసం రాళ్ళు నింపిన రెండు పాత ఓడలను కావాలనే ముంచి వాటిని గట్టుగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న రేవులోకి వచ్చిన తొలి ఓడ జలదుర్గ. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. గైడు తడబాటుకు కారణం కూడా ఇందులోనే ఉందనుకుంటాను: ఆ జలదుర్గ సింధియా కంపెనీ ఓడ.

సింధియా యార్డు కథ వేరు. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త పూనికతో మొదలైన ఆ యార్డుకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం అయ్యేదాకా పని సాగలేదు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా, అక్కడ కట్టిన తొలి ఓడ జల ఉష నీళ్ళలోకి దిగింది. తరవాత ప్రభుత్వం యార్డును తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డుగా మార్చింది కాని, సిటీ బస్సు కండక్టరు మాత్రం నేటికీ "సింధియా, సింధియా" అనే కేక వేస్తాడు. పెద్దాయన ఇదంతా తారీఖులతో చెప్పలేదు. జల ఉష దిగిన రోజున వాళ్ళ నాన్న ఒడ్డున నిలబడి చూశారని, కళాసీలకు ఆ రోజు లడ్డూలు పంచారని ఇంట్లో చెప్పుకునేవారట. తారీఖులు నేను ఇంటికి వచ్చి చూసుకున్నవి. గైడు చేయవలసిన పని ఈ రెండింటినీ కలపడం.

బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ముప్పావు గంట ఇచ్చారు. 1991లో ప్రారంభమైన ఈ మ్యూజియం ఉన్నది పాత డచ్చి బంగళాలో. ఆ బాంబు దాడిలో పడి పేలకుండా మిగిలిపోయిన బాంబు ఇక్కడ ఉంది. రాస్ కొండ మీద విన్నదాని తరవాత దానిని చూడడం వల్ల కుర్రవాళ్ళు కూడా నిలబడి చూశారు. ఒక మజిలీ మరో మజిలీని ఎత్తి పట్టిన సందర్భం ఈ రోజు మొత్తంలో ఇదొక్కటే.

పదకొండు దాటాక భీమిలి వైపు బయలుదేరాం. సుమారు పాతిక, ముప్పయి కిలోమీటర్ల తీరపు రోడ్డు. ఎడమ చేతికి తొట్లకొండ వస్తుంది. బండి ఆగకపోయినా కనీసం ఒక మాటైనా చెబుతారని చూశాను. ఆ బౌద్ధ విహారంలో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. ఈ తీరంలో వర్తకం డచ్చివారితో మొదలు కాలేదనడానికి అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి? ఆ సమయంలో బండిలో పాటలు పెట్టారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం ఫోటోల కోసం ఇరవై నిమిషాలు ఆపారు. అది ప్రకృతి వింతే, కాదనను. ఈ యాత్రకు సంబంధం లేదు.

భీమిలిలో, అంటే భీమునిపట్నంలో, డచ్చి సమాధుల తోటను చూపించడంలో గైడు నిజంగా రాణించాడు. పిరమిడ్‌లాగా కోసుగా లేచిన సమాధులు, వాటి మీద చెక్కిన అక్షరాలు, కుటుంబ చిహ్నాలు, ఏ వయసులో ఎవరు పోయారు వంటివన్నీ ఒక్కొక్కటి చదివి చెప్పాడు. ఉప్పుగాలికి రాతి అక్షరాలు ఎలా రాలిపోతున్నాయో చేత్తో తడిమి చూపించాడు. అక్కడి నుంచి 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి, గడియార స్తంభం, దీపస్తంభం. 1861లోనే భీమిలికి పురపాలక సంఘం ఏర్పడిందంటే ఆనాటికి ఊళ్ళో ఎంత వ్యాపారం ఉండేదో ఊహించుకోవచ్చు. సమాధుల దగ్గర గంటంబావు, చర్చి దగ్గర అరగంట గడిచాయి. ఒడ్డున ఉన్న పాత గిడ్డంగుల గోడల పక్క నుంచి మాత్రం బండిలోనే వెళ్ళిపోయాం.

నా అసలు ఫిర్యాదు ఇది. భీమిలిలో చూడవలసింది చనిపోయిన డచ్చివారిని కాదు, వాళ్ళను ఇక్కడికి రప్పించిన సరుకును. భీమిలికి ఓడలు ఆగే లోపలి రేవు ఎన్నడూ లేదు; ఓడ దూరంగా నడిసముద్రంలో లంగరు వేసుకునేది. ఒడ్డు నుంచి ఓడ దాకా సరుకును మోసింది మసూలా పడవలు. పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలవి. ఒడ్డున విరిగే కెరటం బలంగా కొట్టినప్పుడు మేకుల పడవ విచ్చిపోతుంది; కుట్టు పడవ మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఏజెన్సీ కొండల నుంచి కరక్కాయ, మెట్ట ఊళ్ళ నుంచి నువ్వులూ ఇతర నూనెగింజలూ, తోళ్ళు, నీలిమందు, అన్నిటికీ మించి గోగునార, ఇవన్నీ ఆ పడవల్లో ఓడలకెక్కాయి. డచ్చివారు 1825లో భీమిలిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళాకనే ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. మనం పచ్చడి చేసుకునే గోంగూరకు అక్కచెల్లెలైన గోగు మొక్క నారకు ప్రపంచపు నార బజారులో స్థిరపడిన పేరు "బిమ్లిపటం జూట్". ఒక ఊరి పేరు ఒక సరుకు పేరై సముద్రాలు దాటిందని చెప్పే అవకాశం ఇంత ఎదురుగా ఉండగా, ఆ మాట గైడు నోట రాలేదు. భోజనాల దగ్గర నేను చెబితే ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఫోను తీసి వెతికి, "నిజమేనండీ!" అని నోరు తెరిచింది.

భోజనం గురించి ఒక్క మాట. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, శాకాహారులకు ముద్దపప్పు, గోంగూర. వేడిగా, కడుపునిండా పెట్టారు. మా మేనకోడలు ఈ ఒక్క అంశానికి పదికి పది వేసింది. ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న హోటలునే ఎంచుకోవడం నిర్వాహకుల ఆలోచనను చూపిస్తుంది. పాత నగరంలో మాత్రం ఆ ఏర్పాటు లేక రెండు గంటలు ఇబ్బంది పడ్డాం.

భోజనం తరవాత మిగిలింది చిట్టివలస. గోస్తనీ నది ఒడ్డున, తగరపువలసను ఆనుకుని ఉన్న చిట్టివలస జనపనార మిల్లు ఈ యాత్ర మొత్తానికి ఆయువుపట్టు కావాలి. భీమిలి సరుకు భీమిలికి అయిదారు కిలోమీటర్ల దూరంలోనే గోనె సంచిగా మారిన చోటు అది. రేవు దగ్గర నార కొని పై దేశాలకు పంపే వ్యాపారానికీ, నారను ఇక్కడే నేసే పరిశ్రమకూ మధ్యనున్న గీత అక్కడ కనిపిస్తుంది. మా ప్రకటనలోనూ అది చివరి ఆకర్షణగా పెద్ద అక్షరాల్లో ఉంది. దానికి మాకు దక్కినవి పదిహేను నిమిషాలు. 2009లో మూతపడ్డ మిల్లు గేటు బయట దింపి, గోడను చూపించి, "ఒకప్పుడు ఇక్కడ వేలమంది పనిచేసేవారు" అని చెప్పి, గ్రూపు ఫోటో తీసుకుని ఎక్కమన్నారు. ఎర్రమట్టి దిబ్బలకు ఇరవై నిమిషాలిచ్చారన్న సంగతి అప్పుడు నాకు మళ్ళీ గుర్తొచ్చింది.

లోపలికి వెళ్ళలేకపోవడం వారి తప్పు కాదు. కాని గోడ బయట నిలబడి కూడా చెప్పగలిగింది ఎంతో ఉంది. కోసిన గోగు కట్టలను చెరువుల్లో ఊరవేస్తే ఊరంతా కమ్మే ఆ వాసన ఉత్తరాంధ్రలో పుట్టినవారికి తెలుసు. ఊరిన కట్టెల నుంచి నార ఒలిచి, ఎండబెట్టి, బేళ్ళు కట్టి మిల్లుకు తెచ్చాక, గట్టి నారను నూనె నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. ఆ మీద దువ్వడం, సాగదీయడం, వడకడం, నేయడం, చివరికి సంచులు కుట్టడం. ధాన్యం, పంచదార గోనె సంచుల్లోనే నింపాలని 1987లో పార్లమెంటు చట్టం చేసిందంటే అప్పటికే ప్లాస్టిక్ సంచి ఎంత ముందుకు వచ్చేసిందో తెలుస్తుంది. పక్కనే విజయనగరం జిల్లాలోని నెల్లిమర్ల మిల్లును కూడా కలిపి చెబితే ఈ నార దారి ఎంత పొడుగో వినేవారికి అర్థమవుతుంది. ఇవేవీ రహస్యాలు కావు.

ఇదంతా గైడు చదువుకోక జరిగిందని నేను అనుకోను. యాత్రను కుట్టిన వరసలోనే పొరపాటుంది. నగరంలో మొదలుపెట్టి భీమిలి మీదుగా చిట్టివలసకు వెళ్ళడం పెట్రోలుకు అనుకూలం, కథకు అడ్డం. 1933లో విశాఖలో లోపలి రేవు తెరుచుకున్నాక ఓడ నేరుగా గట్టుకు ఆనింది, రైలు పెట్టె ఓడ పక్కకు వచ్చింది. నడిసముద్రంలో లంగరు వేసి కుట్టు పడవల కోసం కాచుకునే అవసరం ఓడకు లేకపోయింది. భీమిలి సద్దుమణగడానికి కారణం రాస్ కొండ మీది నుంచి కనిపిస్తుంది. పొద్దున్నే చిట్టివలసతో ఆరంభించి, ఎండ ముదరక ముందే భీమిలి ఒడ్డు నడిచి, భోజనం చేసి, నాలుగింటికి పాత నగరం చేరి, పొద్దుగూకే వేళ రాస్ కొండ ఎక్కితే ప్రతి మజిలీ ముందుదానికి జవాబవుతుంది. పైగా సాయంత్రమైతే కురుపాం మార్కెట్టులో బేరాలు నడుస్తూ ఉంటాయి. ఈ మాట నిర్వాహకులలో ఒకరితో అన్నప్పుడు "బాగుందండీ, ఆలోచిస్తాం" అన్నారు. ట్రాఫిక్ సంగతి వారికే బాగా తెలుసు కనుక నేను పట్టుపట్టలేదు.

మరొక రోజు యాత్రగా అనకాపల్లిని కూడా చేర్చమని అడిగాను. 2022లో అది వేరే జిల్లా అయినంత మాత్రాన బెల్లం మార్కెట్టు మనకు పరాయిదైపోలేదు; 1913లో మొదలైన చెరకు పరిశోధన కేంద్రమూ ఆ ఊళ్ళోనే ఉంది. గానుగ దగ్గర రసం కాగడం దగ్గర నుంచి మార్కెట్టులో దిమ్మల వేలం పాట దాకా పని జరుగుతూ ఉండగా చూడగల చోటు అది. మూతపడ్డ గేటుకూ, నడుస్తున్న బజారుకూ తేడా పిల్లలకు చూపించాలంటే అంతకన్నా దగ్గరి చోటు లేదు. సీజను మాత్రం చూసుకోవాలి. బెల్లం వండే నెలలు కాకపోతే వెళ్ళి ప్రయోజనం లేదు.

మొత్తం మీద పదికి ఆరు మార్కులు. బండికీ, భోజనానికీ, సమాధుల దగ్గర చూపిన శ్రద్ధకూ, రాస్ కొండను వదలనందుకూ ఆ ఆరు. 1,600 రూపాయలు ఎక్కువని అనను. అదే డబ్బుకు బీచి రోడ్డు మీద ఒక పూట గడిచిపోతుంది. బండి అక్కరలేదనుకునేవారు రైల్వే స్టేషను నుంచి 900కె బస్సులో భీమిలి వెళ్ళి, తగరపువలస మీదుగా 999 బస్సులో తిరిగి రావచ్చు. ఒడ్డున గిడ్డంగుల దగ్గర ఎంతసేపు నిలబడినా అడిగేవారుండరు.

నేను చేసింది కూడా చివరికి అదే. గ్రూపు ఫోటో అయ్యాక బండి ఎక్కకుండా, తరవాత బస్సులో వస్తామని చెప్పి మేనకోడలితో కలిసి మిల్లు ఎదుటి టీ బడ్డీ దగ్గర ఆగిపోయాను. బడ్డీ నడిపే ఆయనకు డెబ్బై దగ్గర వయసు. ఇంతమంది దిగి గోడకు ఫోటోలు తీయడం చూసి ఆయన నవ్వుతున్నాడు.

"ఏటమ్మా, గోడలో ఏటి కనబడిపోయింది మీకు?"

మీరు లోపల పనిచేశారా అని అడిగాను. వడుకు ఖాతాలో ఇరవయ్యారేళ్ళట. నార నూగు ముక్కులో, చెవుల్లో, అన్నం కంచంలో ఎక్కడెక్కడ పడేదో చెప్పాడు. తెగిన పోగును మర నడుస్తుండగానే వేళ్ళతో ఎలా అతికేవారో చూపించడానికి బడ్డీకి కట్టిన పురికొసను ఒక చేత్తో విప్పాడు. బొటనవేలూ చూపుడువేలూ ఒక్క తిప్పు తిప్పాయి, ముడి లేకుండా అతుకుపడింది. మా మేనకోడలు ఇంకోసారి చెయ్యమని అడిగి వీడియో తీసుకుంది.

"మిల్లు కూత కూస్తేనే మా ఊరు లెగిసేదమ్మా. గడియారాలు ఎవలింట్లో ఉండేవి?"

వచ్చే యాత్రలో అరగంట వచ్చి ఈ మాటలే చెబుతారా, ఊరికే వద్దు, డబ్బు ఇప్పిస్తాను అన్నాను. టీ గ్లాసులు కడుగుతూ కాసేపు ఆలోచించి, ఆదివారమైతే వస్తానన్నాడు, మిగతా రోజుల్లో బడ్డీకి బేరముంటుందట. ఆయన ఫోను నంబరు నిర్వాహకులకు ఆ రాత్రే పంపించాను. వారు ఇంకా ఫోను చేయలేదని మొన్న 999 బస్సులో వెళ్ళి టీ తాగినప్పుడు ఆయనే చెప్పాడు.